మోటారు బరువు ఎవరు మోయాలి?

కాచిగూడ స్టేషన్ గురించి రాసేవాళ్లు సాధారణంగా తలెత్తి చూస్తారు. 1916లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో కట్టిన భవనం, దాని గుమ్మటాలు, మినార్లు, నిజాం రైల్వేకు అది కేంద్ర కార్యాలయంగా వెలిగిన రోజులు ఎన్నోసార్లు అచ్చులోకి వచ్చాయి. ప్లాట్‌ఫారం అంచుకు దిగువన, చక్రాల మధ్య జిడ్డోడుతూ ఇమిడి ఉండే ఇనుప దిమ్మె గురించి మాత్రం రాసేవాళ్లు తక్కువ. రైలును కదిలించేది అదే, ట్రాక్షన్ మోటారు. దాన్ని నేరుగా ఇరుసు మీద మోపాలా, లేక స్ప్రింగుల పైన ఉండే చట్రానికి బిగించాలా అన్నది ఇంజనీర్ల మధ్య నూట ముప్పై ఏళ్లకు పైగా నలుగుతున్న తగువు. ఇంజన్ గొప్పతనాన్ని మనం హార్స్ పవర్‌తో కొలుస్తాం. రైలు ఎంత జోరుగా పోగలదో, దాని కింద పట్టా ఎన్నాళ్లు మన్నుతుందో తెలుసుకోవాలంటే హార్స్ పవర్ కన్నా ఈ బిగింపు తీరే నమ్మకమైన ఆధారమని నా వాదన. సాక్ష్యాల కోసం దూరం పోనక్కర్లేదు. కాచిగూడ నుంచి విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల మీదుగా యూనివర్సిటీని ఒరుసుకుంటూ పోయే పట్టాల మీద అవి రోజూ తిరుగుతూనే ఉన్నాయి.

చిక్కు ఎక్కడుందో ముందు చూద్దాం. మోటారు కొసన పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది ఇరుసుకు బిగించిన పెద్ద గేరును తిప్పాలి. రెండింటి పళ్లూ కుదురుగా కలవాలంటే వాటి మధ్య ఎడం మారకూడదు. కానీ ఇరుసు ఒకచోట ఉండే రకం కాదు, పట్టా ఎగుడుదిగుళ్లను బట్టి ఎగిరిపడుతుంటుంది. పైన పెట్టె మరో తీరున ఊగుతుంటుంది. మోటారును పెట్టెలో కూర్చోబెట్టి బెల్టులతోనో గొలుసులతోనో చక్రాలు తిప్పబోయిన తొలినాటి ట్రాములు ఇక్కడే తిప్పలు పడ్డాయి. అమెరికాలో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరానికి 40 విద్యుత్ ట్రాములు నడిపిస్తానని 1887లో కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ ఊళ్లో కొన్నిచోట్ల పది శాతం వాలున్న ఎత్తులు ఎక్కాలి. 1888 ఫిబ్రవరిలో ట్రాములు నడిచాయి. ఆయన చేసిందల్లా మోటారు పెంకును ఒకవైపు బేరింగులతో ఇరుసు మీదే మోపి, రెండో వైపును స్ప్రింగుతో చట్రానికి వేలాడదీయడం. ఇరుసు ఎగిరితే మోటారు కూడా దాంతో పాటే ఎగురుతుంది, గేర్ల మధ్య ఎడం మాత్రం అలాగే ఉంటుంది. ఒంటిచక్రం తోపుడు బండిలో బరువు కొంత చక్రం మీద, కొంత తోసేవాడి చేతుల మీద పడినట్టే ఇదీను. అమెరికన్లు ఈ బిగింపును ఆ బండి పేరుతోనే పిలిచారు. మన రైల్వేల్లో దీని పేరు నోస్ సస్పెన్షన్.

డీజిల్ ఇంజన్‌కు విద్యుత్ మోటార్లతో ఏం పని అనొచ్చు. డీజిల్ ఇంజన్ చక్రాలను తిప్పేది కూడా విద్యుత్ మోటార్లే. 1962లో అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నుంచి మనకు వచ్చి, ఆ తర్వాత వారణాసిలో వేల సంఖ్యలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌నే తీసుకోండి. పదహారు సిలిండర్ల డీజిల్ యంత్రం 2600 హార్స్ పవర్‌తో ఒక జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటు ఆరు ఇరుసుల మీదున్న ఆరు మోటార్లకు పోతుంది. ఒక్కో మోటారు ఉక్కు పెంకు ఒక పక్క అర్ధచంద్రాకారంలో ఉంటుంది, ఇరుసు అందులో కూర్చుంటుంది. ఇవతలి నుంచి యాక్సిల్ క్యాప్ అనే మూతను బోల్టులతో బిగిస్తారు. ఇరుసుకూ పెంకుకూ నడుమ రెండు అర్ధభాగాలుగా చేసి, లోపల తెల్లలోహం పోసిన సస్పెన్షన్ బేరింగ్ ఉంటుంది. ఆ బేరింగుకు ఒక కిటికీ కోసి ఉంటుంది. నూనెలో నానిన ఒత్తి ఆ కిటికీలోంచి ఇరుసును అస్తమానం తాకుతూ ఉండాలి. ఒత్తి అరిగినా, నూనెలో నీళ్లు కలిసినా తెల్లలోహం కరిగి ఇరుసు పట్టేస్తుంది. అవతలి పక్కన పెంకు నుంచి పొడుచుకొచ్చిన ముక్కు రబ్బరు ప్యాడ్ల మధ్య చట్రానికి ఆనుతుంది. బిగింపంతా ఇంతే. చక్రాల జతను కిందికి దించితే మోటారు కూడా దాంతోపాటే బయటికి వస్తుంది. తర్వాతి ఎలక్ట్రిక్ ఇంజన్లలో హిటాచీ మోటార్లతో పాటు రోలర్ బేరింగులు వచ్చి ఒత్తి బెడద తీరింది గానీ, బరువు మోసే తీరు మారలేదు.

ఇంత తేలికైన ఏర్పాటుకు మూల్యం కట్టేది పట్టా. స్ప్రింగుకు పైనున్న బరువు ఎంతైనా ఒక దెబ్బను నెమ్మదిగా, మెత్తబరిచి కిందికి పంపుతుంది. స్ప్రింగుకు కిందున్న బరువుకు ఆ వెసులుబాటు లేదు. చక్రం, ఇరుసు, పెద్ద గేరు, వాటితో పాటు మోటారులో దాదాపు సగం కలిసి ఒక్క ముద్దగా పట్టాను గుద్దుతాయి. పాత పద్ధతిలో మన బ్రాడ్‌గేజ్ పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. రైలు గంటకు 100 కిలోమీటర్ల జోరులో ఉంటే ప్రతి చక్రమూ సెకనుకు రెండు అతుకులు దాటుతుంది. ప్రయాణికుడికి అది జోలపాటలా వినిపించవచ్చు. అతుకు దగ్గరి ఫిష్‌ప్లేటుకు, దాని కింది కంకరకు అది సమ్మెట దెబ్బే. ఈ దెబ్బను బ్రిటిష్ రైల్వే పరిశోధకులు 1970లలో లెక్కగట్టారు. వేగంతోనూ, అతుకు ఎంత కుంగిందన్న దానితోనూ అది నేరుగా పెరుగుతుంది. స్ప్రింగుకు కిందున్న బరువుతో మాత్రం సుమారుగా వర్గమూలం లెక్కన పెరుగుతుంది. పట్టాలు వెల్డింగ్ చేసి పొడవు పెంచాక అతుకులు తగ్గాయి నిజమే. వెల్డింగు గుంతలు, పాయింట్లు, వంతెనల మొగలు ఇంకా ఉన్నాయి.

ఆ పరిశోధన ఊరికే పుట్టలేదు. లండన్ నుంచి మాంచెస్టర్, లివర్‌పూల్ వెళ్లే ప్రధాన మార్గాన్ని విద్యుదీకరించేటప్పుడు బ్రిటన్ మొదట ఐదు రకాల ఇంజన్లు తెప్పించింది. వాటన్నిటిలోనూ మోటార్లను స్ప్రింగుల పైనే నిలిపారు. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి 1965, 1966లలో ఏఎల్-6 పేరుతో మరో వంద ఇంజన్లు కట్టారు, వీటిలో మోటార్లు ఇరుసు మీదికి దిగాయి. పట్టా మారలేదు, గంటకు వంద మైళ్ల వేగ లక్ష్యమూ మారలేదు. మారింది మోటారు ఆసరా. కొద్ది కాలానికే పట్టాలు దెబ్బతినడం, ఇంజన్ కుదుపులు పెద్ద తలనొప్పిగా తయారయ్యాయి. చివరికి కొన్నింటికి గంటకు 80 మైళ్ల హద్దు పెట్టారు. మరికొన్నింటికి చక్రంలోనే రబ్బరు పొదిగి, కొత్త స్ప్రింగులు అమర్చారు. 1973 నుంచి వచ్చిన క్లాస్ 87 ఇంజన్లలో మోటార్లు మళ్లీ చట్రానికెక్కాయి. ఒకే దారి మీద, ఒకే దశాబ్దంలో, ఇంత నిక్కచ్చిగా జరిగిన పరీక్ష ప్రయోగశాలలో కూడా దొరకదు. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ముక్కు బిగింపు పాతకాలపుదనీ, చట్రం బిగింపు ఆధునికమనీ అనుకుంటే పొరపాటు. మన దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది. మూడేళ్లకే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ప్రయాణికుల రైళ్లకు తెప్పించుకున్న ఇంజన్లకు తర్వాత డబ్ల్యూసీపీ-1 అన్న పేరొచ్చింది. వాటి మోటార్లు ఇరుసు మీద లేవు, జంటలు జంటలుగా చట్రంలో ఉన్నాయి. వాటి బలాన్ని ఇరుసుకు చేర్చడానికి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో రూపొందిన మెలికల కడ్డీల ఏర్పాటు వాడారు. స్వాతంత్ర్యం తర్వాత, 1970లో మనవాళ్లే డిజైన్ చేసుకున్న డబ్ల్యూఏఎం-4 దగ్గరికొచ్చేసరికి ఇరుసు మీది మోటారుకే వెళ్లాం. డీజిల్ ఇంజన్ కోసం ఆల్కో ఇచ్చిన చక్రాల చట్రాన్నే దీనికీ వాడుకున్నాం. దీన్ని వెనకడుగు అనడం అన్యాయం. అప్పటికి గూడ్స్ బండ్లు ఎక్కువ లాగాలి, విడిభాగాలకు విదేశీ మారకం తక్కువ, షెడ్డులో ఉన్న చేతులకు తెలిసిన పని ఇదే. చాలా బండ్లకు నూటికి పైగా కిలోమీటర్ల వేగం అవసరమే రాలేదు. తప్పు 1970లో లేదు. కాలం మారాక కూడా అదే బిగింపును అన్ని పనులకూ సర్దుకోవడంలో ఉంది.

కాలం మారిందని చెప్పే ఇంజన్ 1995లో ఏబీబీ కంపెనీ నుంచి దిగుమతైన డబ్ల్యూఏపీ-5. నాలుగు ఇరుసులు, దాదాపు 5,400 హార్స్ పవర్, మోటార్లు పూర్తిగా చట్రం మీద, స్ప్రింగుకు కింది బరువు ఇరుసుకు సుమారు 2.7 టన్నులు. గరిష్ఠ వేగం 160 కిలోమీటర్లు. 2016 నుంచి ఢిల్లీ, ఆగ్రాల మధ్య గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌ను ఆ వేగంతో లాగింది ఈ రకమే. దాని పక్కన లాలాగూడ ఎలక్ట్రిక్ షెడ్డు నుంచి మన ఊరి రైళ్లకు వచ్చే డబ్ల్యూఏపీ-7ను నిలబెట్టండి. ఆరు ఇరుసులు, 6,350 హార్స్ పవర్, మోటార్లు ఇరుసు మీద, స్ప్రింగుకు కింది బరువు ఇరుసుకు దాదాపు 4 టన్నులు. వేగం హద్దు 140. బలం ఎక్కువున్న ఇంజన్‌దే తక్కువ వేగం. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే, గేరు నిష్పత్తి సంగతేమిటని. డబ్ల్యూఏపీ-7 అంటే గూడ్స్ ఇంజన్ డబ్ల్యూఏజీ-9కు గేరు మార్చినదే, ఆ మార్పుతోనే 100 కిలోమీటర్లది 140కి ఎక్కింది. మళ్లీ గేరు మార్చి 160కి తీసుకెళ్లే ప్రయత్నాలూ జరిగాయి. ఒప్పుకుంటాను, ఇంజన్ ఎంత తిరగగలదో గేరు చెబుతుంది. కానీ ఆ వేగంలో పట్టా ఎన్ని దెబ్బలకు తట్టుకుంటుందో చెప్పదు. గేరు మార్చినా నాలుగు టన్నులు నాలుగు టన్నులుగానే ఉంటాయి.

ఇంతకన్నా పదునైన అభ్యంతరం కాచిగూడ టైంటేబుల్‌లోనే ఉంది. 2023 సెప్టెంబరు 24న ఇక్కడి నుంచి యశ్వంత్‌పూర్‌కు వందే భారత్ మొదలైంది. సగం పెట్టెల కింద మోటార్లున్నాయి, అవన్నీ చట్రానికి బిగించినవే, డిజైన్ వేగం 160కి పైనే. అయినా మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం మీదుగా 610 కిలోమీటర్లకు మొదట్లో ఎనిమిదిన్నర గంటలు పట్టేది. సగటు గంటకు 72 కిలోమీటర్లు. మామూలు బిగింపుతో పోయే వేగానికి ఇంత ఖరీదైన బిగింపు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. దెబ్బ సగటు వేగంతో పడదు. ఆ క్షణంలో ఉన్న వేగంతో పడుతుంది, రైలు ఊపందుకున్న ప్రతిచోటా పడుతుంది. వర్గమూలం లెక్కన నాలుగు టన్నులు 2.7కి తగ్గితే అదనపు దెబ్బ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. చూడ్డానికి ఇది చిన్నదే. ఉక్కు అలసట మాత్రం దెబ్బకు సమానంగా కాక అంతకు మించి పెరుగుతుంది, అందుకే ఐదో వంతు తగ్గుదల పట్టా ఆయుష్షులో అంతకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. టికెట్ కొన్నవాడికి కనిపించని ఆదా ఇది. పట్టా మార్చే గ్యాంగ్‌మన్‌కు, ఆ ఖర్చు రాసుకునే సెక్షన్ ఇంజనీరుకు తెలుస్తుంది.

మరి నూరేళ్లు దాటి నిలిచిన బిగింపు చెడ్డదెలా అవుతుంది? చెడ్డదని నేననను. డబ్ల్యూఏపీ-7లు వెయ్యి దాటాయి, డబ్ల్యూఏపీ-5లు ఆ దరిదాపుల్లో లేవు. చట్రం మీది మోటారు నుంచి కదిలే ఇరుసుకు బలం అందించాలంటే మధ్యలో వంగే కప్లింగ్ కావాలి, ఆ కప్లింగ్ ఖరీదైనది, మరమ్మతు కష్టం. పైగా మూడు ఫేజుల మోటారు వచ్చి ముక్కు బిగింపుకు కొత్త ఊపిరి పోసింది. పాత డీసీ మోటారు మూడు టన్నులు దాటేది. దానిలోని బొగ్గు బ్రష్‌లు ప్రతి కుదుపుకూ ఎగిరి నిప్పురవ్వలు చిమ్మేవి. కొత్తది రెండు టన్నుల పైచిలుకే, బ్రష్‌లే లేవు. గంటకు 75, 100 కిలోమీటర్లతో బొగ్గు లాగే గూడ్స్ ఇంజన్‌కు ఇరుసు మీది మోటారే సరి, అక్కడ చట్రం బిగింపు డబ్బు దండగ. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ పెట్టెల కింద కూడా ఆ ముక్కే ఉంది. రెండేసి కిలోమీటర్లకు ఆగే బండికి అది చెల్లుతుంది, కుదుపు మాత్రం సీతాఫల్‌మండి పాయింట్ల దగ్గర ఒంటికి తెలుస్తుంది. కొద్ది దూరంలో తార్నాక మీదుగా 2017 నవంబరు నుంచి నడుస్తున్న మెట్రో సంగతి వేరు. ఇళ్ల కిటికీల పక్కన వంతెన మీద పోయే రైలులో ప్రతి దెబ్బా స్తంభంలోంచి వీధిలోకి దిగుతుంది. మెట్రో రైళ్లలో సాధారణంగా మోటార్లను చట్రానికే బిగించడానికి వేగంతో పాటు ఈ పొరుగుదనమూ ఒక కారణం. ఏ పనికి ఏ బిగింపు అన్నది పని చూసి తేల్చాలి, అలవాటు చూసి కాదు.

కొత్త ఇంజన్ పట్టాలెక్కినప్పుడల్లా రైల్వే రెండు అంకెలు ప్రకటిస్తుంది, హార్స్ పవర్, గరిష్ఠ వేగం. పత్రికలు ఆ రెండే అచ్చేస్తాయి. స్ప్రింగుకు కింద ఇరుసు మీద ఎన్ని టన్నులున్నాయన్న మూడో అంకె డిజైన్ కాగితాల్లో ఎలాగూ ఉంటుంది. దాన్ని కూడా బయటపెట్టాలని రైల్వే బోర్డును అడగాలి. అడగాల్సింది పాఠకులే, ఎందుకంటే ఆ పట్టాలు మార్చే ఖర్చు చివరికి వాళ్ల టికెట్‌లోంచే పోతుంది.