హజ్న్ మార్చుకోని పేరు

హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625) ఉహుద్ యుద్ధంలో షహీద్ అయిన హజ్రత్ హన్‌జలా (రజి) పేరు చేదుపుచ్చ నుండి వచ్చింది. నోట పెట్టలేనంత చేదుకాయ అది. ఏ తండ్రి అయినా కన్నకొడుక్కి అటువంటి పేరు పెడతాడా?

ఈ ప్రశ్ననే అబ్బాసీల కాలంలో అరబ్బేతరులు కొందరు వెటకారంగా వేశారు. అరబ్బుల పేర్లకు అర్థం పర్థం లేదన్నారు. బస్రాలో పుట్టిన భాషావేత్త ఇబ్న్ దురైద్ (మరణం హి. 321, క్రీ.శ. 933) వారికి జవాబుగా 'కితాబుల్ ఇష్తిఖాఖ్' రచించి ఒక్కొక్క పేరుకూ ధాతువు చూపాడు. భార్య ప్రసవవేదనలో ఉండగా అరబ్బు గుడారం వెలుపలికి వెళ్ళి, మొదట ఎదురైనదాని పేరే బిడ్డకు పెట్టేవాడట. అంతేకాదు, బానిసలకు ముద్దుపేర్లు తమ కోసం, కొడుకులకు కరకు పేర్లు శత్రువుల కోసం పెట్టేవారని కూడా ఆయన ఉల్లేఖించాడు. పేరు వినగానే శత్రువు జంకాలన్నమాట!

దైవప్రవక్త (స) వంశావళిలోనే ముర్రా (చేదు), కిలాబ్ (కుక్కలు) అనే పూర్వీకులున్నారు. ముళ్ళచెట్టు పేరు గల తల్హా (రజి), సింహం పేరు గల ఉసామా (రజి) ఆ పేర్లతోనే మిగిలారు. మక్కా విజయం నాడు (హి. 8) ఇస్లాం స్వీకరించిన అబూ సుఫ్యాన్ (రజి) అసలు పేరు సఖ్ర్ బిన్ హర్బ్, అనగా 'యుద్ధం' కుమారుడు 'బండరాయి'. ఆ పేరూ మారలేదు. కనుక పేరు వింతగా ఉండటం దోషం కాదు. దాస్యం అల్లాహ్‌కు తప్ప వేరొకరికి చెందేలా ఉన్న పేర్ల విషయం వేరు. అబ్ద్ అమ్ర్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అయింది అందుకే. హజ్రత్ అలీ (రజి) తన కుమారునికి హర్బ్ అని పెడితే, ప్రవక్త (స) హసన్ అని మార్చారని ఒక ఉల్లేఖనం.

మఖ్‌జూమ్ తెగకు చెందిన హజ్న్ ఉదంతం వీటన్నిటికంటె విలక్షణమైనది. హజ్న్ అంటే ఎగుడుదిగుడు నేల. ప్రవక్త (స) ఆయనను సహ్ల్, అనగా చదునునేల, అని పిలవబోయారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడు హజ్న్. చదునునేలను అందరూ తొక్కుతారని ఆయన అన్నట్లు మరొక ఉల్లేఖనం. అంతటివారు సూచించినా కాదన్నందుకు ఆయనను మందలించినట్లు ఆ హదీసులో లేదు. పేరు ఆయనదే, నిర్ణయమూ ఆయనకే వదిలేశారు.

ఆ హజ్న్ మనుమడే మదీనా ఫఖీహ్‌లలో అగ్రగణ్యుడైన సయీద్ బిన్ ముసయ్యబ్. తాతగారి ఆ సమాధానం తరువాత తమ ఇంటివారిలో కరకుదనం పోనేలేదని ఆయన చెప్పుకునేవారు.