ఆడపిల్లకి మధూకరం ఎవరు పెడతారు?

ఘంటసాల గురించి మాట్లాడుకునే ప్రతి సభలోనూ ఒక కథ వస్తుంది. తండ్రి పోయిన కుర్రాడు, చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లాడు. తీరా వెళ్తే సంగీత కళాశాలకి వేసవి సెలవులు. ఉండటానికి చోటు లేదు, తినటానికి తిండి లేదు. చివరికి పట్రాయని సీతారామశాస్త్రి గారు, అదే సాలూరు చినగురువుగారు, చేరదీసి పాఠం చెప్పారు. కుర్రాడు భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్నాడు, సంగీతం నేర్చుకున్నాడు, పెద్దవాడయ్యాడు.

నేను ఈ కథ మొదటిసారి విన్నది మా సంగీతం మాస్టారి నోట. కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పారాయన. 'చదువు మీద అంత తపన ఉండాలి' అన్నారు మా వంక చూసి. క్లాసులో పదకొండుమందిమి, తొమ్మిదిమంది ఆడపిల్లలం. నా పక్కన కూర్చున్న అమ్మాయి నా చెవిలో మెల్లిగా అడిగింది: 'మనం జోలె పట్టుకుని వెళితే ఏమంటారే?' ఇద్దరం నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వాం. మాస్టారు కోప్పడ్డారు. ఆ ప్రశ్న మాత్రం నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు.

తపన ఒక్కటీ సరిపోదు. దాన్ని మోసుకుని ఊళ్లోకి వెళ్లే వీలుండాలి, పరాయి ఇంటి గుమ్మంలో నిలబడి అన్నం అడిగే హక్కుండాలి. మధూకరమైనా వారాలైనా అలాంటి హక్కే. అది బ్రాహ్మణ కుర్రాడిది. ఆ కులంలోనే పుట్టిన ఆడపిల్లకీ లేదు, వేరే కులాల కుర్రాడికీ లేదు. ఒంటరిగా పరాయి ఊరు వచ్చి, సత్రం అరుగు మీద పడుకుని, పొద్దున్నే సాధకం చేసుకునే పదిహేనేళ్ల ఆడపిల్లని ఊహించుకోండి. ఊరు ఆమెని విద్యార్థిని అనేది కాదు, వేరే పేరుతో పిలిచేది.

ఆ వేరే పేరు దగ్గరకి తర్వాత వస్తాను. ముందు కళాశాల సంగతి.

1919లో మహారాజా విజయరామ గజపతిరాజు విజయరామ గాన పాఠశాల పెట్టించారు. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, సంగీతం అంటే ఇష్టం, ఆ అబ్బాయి కోసమే పాఠశాల పుట్టిందని చెప్తారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ ఆచార్యుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు, అప్పటికి ఇరవయ్యారేళ్లవాడు. ఆయన విద్యార్థిగా చేరదామని వస్తే, వాద్యం విని నేరుగా మాస్టారి ఉద్యోగమే ఇచ్చారని ఇంకో కథ. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. కథలన్నీ బావుంటాయి. అన్నీ మగపిల్లల కథలే. చూపులేని అబ్బాయి, పాఠం కోసం వచ్చి గురువైన యువకుడు, జోలె పట్టిన కుర్రాడు.

అలాగని కళాశాల స్త్రీలకి ఏమీ ఇవ్వలేదనను. ఇచ్చింది, అదీ చిన్నదేం కాదు. గురుకులంలో శిష్యుడు గురువు ఇంట్లోనే ఉండాలి. నీళ్లు తోడాలి, బట్టలు ఉతకాలి, గురువుగారు ఎప్పుడు పాడితే అప్పుడు వినాలి. తెల్లవారుజామున రెండుకి ఆయనకి తోడి రాగం మీద మనసు పుడితే శిష్యుడు లేచి తంబురా మీటాలి. పరువుగల ఇంటి ఆడపిల్లని అలా ఎవరు పంపుతారు? కళాశాల వచ్చాక పాఠానికి వేళ ఏర్పడింది. గంట కొడితే మొదలు, గంట కొడితే ముగింపు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అని ఏడాదికింత చొప్పున పాఠ్యక్రమం. పదిమంది మధ్య కూర్చుని నేర్చుకోవడం. చివర పరీక్ష, చేతికి ఒక కాగితం. మన విద్వాంసులు ఈ పద్ధతిని చాలా తిట్టారు, గంటల లెక్కన సంగీతం వస్తుందా అని. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ ఆ గంట మోతే ఆడపిల్లలకి తలుపు తీసింది. 'నాలుగింటికి వెళ్లి ఆరింటికి వచ్చేస్తాను నాన్నా' అనగలిగింది కూతురు.

ఆరింటికి రావాలంటే ఇల్లు ఆ ఊళ్లోనే ఉండాలి. పి. సుశీల గారు 1935లో విజయనగరంలోనే పుట్టారు. తండ్రి వకీలు. అదే కళాశాలలో ద్వారం వారి కాలంలో చదివి డిప్లొమా పొందారు, తర్వాత మద్రాసు వెళ్లి సినిమాల్లో పాడారు. ఆమెదీ ఘంటసాలదీ ఒకే కళాశాల. తర్వాత ఒకే మైకు ముందు ఎన్ని యుగళగీతాలు పాడారో మనకి తెలుసు. కానీ ఆ మైకు దగ్గరకి అతను చౌటపల్లి నుంచి నడిచొచ్చాడు, ఆమె తండ్రి ఇంట్లోంచి వచ్చింది. ఆమె ప్రతిభని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. చౌటపల్లి లాంటి ఊళ్లో పుట్టిన సుశీలలు ఏమయ్యారని అడుగుతున్నాను.

ఇప్పుడు ఆ వేరే పేరు.

విజయనగరం మధురవాణి ఊరు. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. గాన పాఠశాల పుట్టే నాటికి ఆ ఊళ్లో సంగీతం తెలిసిన స్త్రీలు లేకపోలేదు. వాళ్ల ఇళ్లే సంగీత కళాశాలలు. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి కూతురికి పదాలు, జావళీలు, అభినయం నడిచి వచ్చాయి. ఆ ఇళ్లకి గంటలు లేవు, పట్టాలు లేవు. 'కళావర్ రింగ్' అని పేరుపడ్డ సరిదె లక్ష్మీనరసమ్మ విజయనగరంలో పేరున్న నర్తకి. ఘంటసాలని ఆదరించి, తన తంబురా ఇచ్చిందని ఆయన జీవితం చెప్పేవాళ్లు చెబుతూ వచ్చారు. జోలెలో పడిన అన్నం గురించి సభల్లో చెప్పుకున్నంతగా ఆ తంబురా గురించి చెప్పుకోం, ఎందుకో. కళాశాలలో చదువుకున్న కుర్రాడికి తంబురా ఇవ్వగలిగిన మనిషి, ఆ కళాశాలలో కుర్చీ వేసుకుని పాఠం చెప్పదగిన మనిషి కాదా?

సరిగ్గా కళాశాలలు తలుపులు తీస్తున్న సంవత్సరాల్లోనే ఆ ఇళ్ల తలుపులు మూతబడుతూ వచ్చాయి. వీరేశలింగం గారి కాలంలో మొదలైన సానిమేళాల వ్యతిరేకత 1947 నాటి మద్రాసు చట్టం దాకా నడిచింది. 1956 సవరణతో పెళ్లిళ్లలో మేళం కట్టడం కూడా నేరమైంది. దేవదాసీ వ్యవస్థని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అందులో పసిపిల్లల బతుకులు ఎలా నలిగాయో మనకి తెలుసు. కానీ సంస్కరణ ఆ స్త్రీలని విడిపించానంటూ వాళ్ల చేతిలో ఉన్న విద్యని లాక్కుంది. ఆ విద్యనే కడిగి, ఆరబెట్టి, పాఠ్యక్రమంగా మడతపెట్టి మన చేతికిచ్చింది. 1940ల్లో ఆకాశవాణి శాఖ చూసిన సర్దార్ పటేల్ కాలంలో, సొంత జీవితం బాగోలేదన్న పేరుతో ఇలాంటి ఇళ్ల గాయనులని రేడియోకి దూరం పెట్టారు. పట్టా ఉన్న కుటుంబ స్త్రీకి అదే రేడియో ఉద్యోగమైంది. ఒకరి గొంతు మూసిన చోటే ఇంకొకరి గొంతు లేచింది. ఈ రెండోవాళ్లం మనమే. ఈ మాట రాయడం నాకు సుఖంగా లేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఈ సంగతి ముందే గ్రహించినట్టున్నారు. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని ఏమీ తీసెయ్యకుండా అచ్చువేయించి నిషేధం తెచ్చుకున్నారు. తిరువయ్యూరులో ఆడవాళ్లని పాడనివ్వకపోతే 1927లో స్త్రీల చేత విడిగా ఆరాధన జరిపించారు. ఆమెకి ఏ కళాశాల పట్టా ఉంది?

ఇది మన దగ్గరే అనుకోనక్కర్లేదు. పారిస్ కన్సర్వటోర్ 1795లో పుట్టింది, ఆడపిల్లల్ని చేర్చుకుంది, కానీ తరగతులు వేరు. లూయీజ్ ఫరాంక్ 1842లో అక్కడ పియానో ఆచార్యురాలైంది. మగ ఆచార్యులకిచ్చే జీతం ఆమెకి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ముప్ఫయ్యేళ్లు ఆడపిల్లలకే పాఠం చెప్పింది.

మళ్లీ మా క్లాసుకి వస్తాను. ఏ ఊరి కళాశాల అన్నది ఇక్కడ అనవసరం. సాయంత్రం క్లాసులు. డిప్లొమా రెండో ఏడు క్షేత్రయ్య పదం ఒకటి పాఠంలో ఉంది. మాస్టారు పల్లవి, అనుపల్లవి నేర్పి, మొదటి చరణం నేర్పి, మిగతావి 'పరీక్షకి అక్కర్లేదమ్మా' అని పుస్తకం మూశారు. నేను ఇంటికెళ్లి ఆ చరణాలు చదువుకున్నాను. ఒక స్త్రీ తన కోరిక గురించి సిగ్గుపడకుండా మాట్లాడుతోంది. అది పాడటానికి పుట్టినవాళ్లని వెళ్లగొట్టాం, పాడటానికి కూర్చున్నవాళ్లకి అర్థం చెప్పం. ఇక మిగిలింది రాగం, తాళం. పదం తక్కువ కాలంలో పాడటం చాలా కష్టం, అందుకు పదిహేను మార్కులు.

మృదంగం క్లాసు పక్క గదిలో. నా నేస్తానికి లయ మీద అసాధ్యమైన పట్టు. మృదంగానికి మారతానంది. 'ఆ కూర్చునే పద్ధతి ఆడపిల్లలకి బావోదు' అన్నారు. దండమూడి సుమతి గారు అప్పటికే మృదంగం మీద ఎంత పేరు తెచ్చుకున్నారో మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె మొదట నేర్చుకున్నది ఇంట్లో, తండ్రి దగ్గర. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లో ఫొటో చూసి నేస్తానికి ఫోన్ చేశాను. 'చూశావా, ఎలా కూర్చుందో' అంది, అంతే.

విజయనగరం దగ్గర పుష్పగిరిలో 1939లో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం గారు ఆకాశవాణిలో పాడారు, హైదరాబాదు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు, 1992లో పద్మశ్రీ పొందారు. నారాయణదాసు గారు కూర్చున్నలాంటి కుర్చీలో ఒక స్త్రీ. మా కళాశాల గోడల మీద త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి, నారాయణదాసు, ద్వారం ఫొటోలుండేవి. ఆమెది లేదు.

నా నేస్తం డిప్లొమా పరీక్ష రాయలేదు. వాళ్ల ఊరికి ఆఖరి బస్సు ఏడున్నరకి. క్లాసు ఏడింటికి అయ్యేది, వర్షాకాలం ఒకరోజు బస్సు తప్పింది. ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంది. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు, మరి పంపలేదు. వెళ్లేటప్పుడు తన స్వరాల పుస్తకం నాకిచ్చింది. వెనక పేజీల్లో ఆమె సొంతంగా రాసుకున్న మృదంగం జతులున్నాయి, తకిట తకధిమి అని, పెన్సిల్‌తో, ఎవరూ చెప్పనివి.