చెదిరే గురి: గరాండ్ రైఫిలు దారికొచ్చిన కథ

తుపాకీ ఎప్పుడూ ఒకేవైపు గురి తప్పుతుంటే అదేమంత పెద్ద సమస్య కాదు. గుళ్లన్నీ జానెడు ఎడమకు పడుతున్నాయా, సైటును ఆ మేరకు జరిపితే సరిపోతుంది. తలనొప్పి తెచ్చేది ఒక్కోసారి ఒక్కోవైపు తప్పే తుపాకీ. నాలుగు గుళ్లు ఒకేచోట పడతాయి, ఐదోది ఎటో పోతుంది. నిన్న సరిచేసిన గురి ఇవాళ ఉండదు. చల్లగా ఉన్నప్పుడు ఒకలా, పది గుళ్లు కాల్చాక ఇంకోలా కొడుతుంది. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిలు పట్టుకున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు: ముందు గ్రూపింగ్, ఆ తర్వాతే జీరోయింగ్. గుళ్లు ఒకచోట గుమికూడనంతవరకు సైటు ఎంత తిప్పినా లాభం లేదు.

సెమీ ఆటోమేటిక్ రైఫిలుకు ఈ జబ్బు పుట్టుకతోనే వచ్చింది. బోల్టు రైఫిలులో గుండు పేలాక మనిషి చెయ్యి పడేదాకా ఏదీ కదలదు. సెమీ ఆటోమేటిక్ తనంతట తానే ఖాళీ కేసును బయటికి విసిరేసి కొత్త తూటాను లోపలికి తోసుకుంటుంది. అందుకోసం ప్రతి గుండుకూ పిస్టను, రాడ్డు, బోల్టు వెనక్కి పోయి ముందుకు రావాలి. కదిలినవన్నీ మళ్లీ అదే చోట, అంతే బిగువుతో కూర్చోవాలి. కూర్చోకపోతే గురి చెదురుతుంది. వాటిని కుదురుగా కూర్చోబెట్టడానికి ఎంత కాలం పట్టిందో చెప్పేదే అమెరికా సైన్యం వాడిన ఎం1 గరాండ్ కథ.

చిల్లు పెట్టనివ్వని రోజులు

జాన్ గరాండ్ 1888లో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వచ్చింది. బట్టల మిల్లులో పనిచేస్తూ యంత్రాల పని ఒంటబట్టించుకున్నాడు. 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో చేరి, ఆ తర్వాత జీవితమంతా దాదాపు ఒకే తుపాకీ మీద గడిపాడు. ఆయనకు గట్టి పోటీ ఇచ్చినవాడు జాన్ పెడర్సన్. పెడర్సన్ రైఫిలు .276 కాలిబర్ తూటా వాడేది, గరాండ్ కూడా కొంతకాలం అదే తూటాకు తన రైఫిలును మలిచాడు. 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ ఆ చిన్న తూటాను తోసిపుచ్చాడు. గిడ్డంగుల నిండా ఉన్న .30 కాలిబర్ తూటాలే వాడాలన్నాడు. గరాండ్ రైఫిలు దానికీ తట్టుకుంది. 1936 జనవరిలో అది ఎం1 పేరుతో సైన్యంలోకి వచ్చింది. పదాతి దళమంతటికీ సెమీ ఆటోమేటిక్ రైఫిలునే మామూలు ఆయుధంగా ఇవ్వాలని తలపెట్టిన మొదటి పెద్ద సైన్యం అమెరికాదే.

దాని మొదటి రూపంలో ఒక వింత ఉంది. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత పిస్టనును వెనక్కి నెట్టాలి. అందుకు తేలిక దారి బ్యారెల్‌కు చిన్న చిల్లు పెట్టడం. కానీ బ్యారెల్‌కు చిల్లు పెట్టడమంటే ఆనాటి ఆయుధ శాఖకు గిట్టేది కాదు. అందుకని గరాండ్ డెన్మార్క్‌కు చెందిన బ్యాంగ్ రైఫిలు బాటలో వెళ్లి, బ్యారెల్ మూతికి ఒక తొడుగు బిగించాడు. గుండు బ్యారెల్ దాటాక వెనకే వచ్చే వాయువును ఆ తొడుగు పట్టుకుని, కింద ఉన్న సిలిండర్‌లోకి మళ్లిస్తుంది.

రైఫిలు పనిచేసింది. కానీ బాయొనెట్ భారమూ ఈ మూతి భాగమే మోయాలి, ముందు సైటూ దీని మీదే నిలబడాలి. కాల్చేకొద్దీ లోపల మసి పేరుకునేది. మసి తీయాలంటే తొడుగు విప్పాలి. విప్పి బిగించిన ప్రతిసారీ సైటు మునుపటి చోటనే నిలుస్తుందన్న భరోసా లేదు. విప్పకపోయినా, కాల్పుల అదురుకు మరలు వదులయ్యేవి.

దాని ఫలితం ఎంతో లెక్క వేయవచ్చు. గరాండ్ రైఫిలు మీద ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం దాదాపు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. ముందు సైటు మిల్లీమీటరులో పదోవంతు పక్కకు జరిగితే, 600 గజాల దూరంలో గుండు దాదాపు 8 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పదోవంతు మిల్లీమీటరంటే వెంట్రుక మందం. కంటికి కనబడదు, వేలికి తగలదు, టార్గెట్ మీద మాత్రం కనబడుతుంది.

ఆగిపోయే తుపాకీ నయం

1939లో ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న క్యాంప్ పెరీలో జరిగిన జాతీయ పోటీలకు ఎం1 వచ్చింది. అక్కడ ఇంకో లోపం బయటపడింది. ఎనిమిది తూటాల క్లిప్పులో ఏడో తూటా దగ్గర కొన్ని రైఫిళ్లు ఆగిపోయేవి. వెతగ్గా వెతగ్గా, క్లిప్పుకు దారి చూపే లోపలి అంచు మీద ఫ్యాక్టరీ యంత్రాలు చెక్కిన తీరులోనే తప్పుందని తేలింది. ఆ అంచును సరిచేశాక రోగం కుదిరింది.

ఆగిపోయే తుపాకీకి ఒక సుగుణం ఉంది. ఎక్కడ ఆగిందో అక్కడే లోపముంటుంది, వెతికే చోటు అదే చూపిస్తుంది. గురి చెదిరే తుపాకీ అలా కాదు. చూడటానికి అది చక్కగానే పనిచేస్తుంటుంది. కాల్చినవాడి చెయ్యి వణికిందా, తూటా తేడానా, గాలి మళ్లిందా, సైటు కదిలిందా అన్నవన్నీ టార్గెట్ మీద ఒకేలా కనిపిస్తాయి. అందుకే దాన్ని పట్టుకోవాలంటే ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలి.

మూతి తొడుగు విషయంలో మార్పుకు 1939లోనే ఒప్పుకున్నారు. ఏ చిల్లునైతే అంతకాలం వద్దన్నారో చివరికి అదే పెట్టారు. బ్యారెల్ అడుగున, మూతికి దగ్గరగా సన్నని రంధ్రం వేసి, వాయువును నేరుగా సిలిండర్‌లోకి తీసుకున్నారు. చిల్లు వల్ల బ్యారెల్‌కు చేటేమీ జరగలేదు. 1940లో ఫ్యాక్టరీ కొత్త పద్ధతికి మారేసరికి సుమారు 50 వేల రైఫిళ్లు పాత రూపంలో తయారై ఉన్నాయి. వాటిలో చాలావాటిని తర్వాత కొత్త రూపంలోకి మార్చేశారు. ఆనాటి తూటాల్లో మందును అంటించే ప్రైమర్ వదిలే లవణాలు ఇనుమును తుప్పు పట్టించేవి, అందుకే కొత్త సిలిండర్‌ను స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశారు.

వెనక సైటు కూడా ఏడిపించింది. దూరాన్ని బట్టి ఎత్తు సర్దే మర, కాల్చినప్పుడు వచ్చే కుదుపుకు తనంతట తానే జారిపోయేది. సైనికుడు 300 గజాలకు పెట్టుకున్న సైటు నాలుగు గుళ్లు కాల్చేసరికి అక్కడ ఉండేది కాదు. యుద్ధం నడుస్తుండగానే మరకు బిగింపు కడ్డీ చేర్చారు. యుద్ధం తర్వాత బయటి బిగింపుతో పనిలేని కొత్త సైటు వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి 40 లక్షల దాకా ఎం1లు తయారయ్యాయి. యుద్ధానికి ఆ గురి చాలు. కందకంలోని సైనికుడు 600 గజాల దూరంలో అరచేతి వెడల్పు కోసం పోట్లాడడు.

చెక్క, వేడి, గుడ్డ కడ్డీ

అరచేతి వెడల్పు కోసం పోట్లాడేవాళ్లు పోటీల షూటర్లు. 1953లో గరాండ్ రిటైరయ్యాడు. ఆ ఏడాదే స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారం నేషనల్ మ్యాచ్ పేరిట ఏరిన భాగాలతో ప్రత్యేక ఎం1లు కట్టడం మొదలుపెట్టింది. తర్వాత పదేళ్లలో ఆ తుపాకీ గురి గుట్టంతా ఒక్కొక్కటిగా బయటపడింది.

మొదటి దోషి చెక్క. ఎం1లో బోల్టు కదిలే ఇనుప భాగం, అంటే రిసీవర్, చెక్క మీద కూర్చుంటుంది. కింద నుంచి ట్రిగ్గర్ గార్డు బిగిస్తే చెక్క ఆ రెంటి మధ్యా నలుగుతుంది. కాల్చేకొద్దీ చెక్క అణిగి బిగువు పోతుంది. వానాకాలంలో తలుపు ఉబ్బినట్టు తేమకు చెక్క ఉబ్బి, ఎండకు మళ్లీ ముడుచుకుంటుంది. ఇది కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ట్రిగ్గర్ గార్డు మూసేటప్పుడు చివర్లో చేతికి గట్టిగా ఎదురు తిరగాలి. మెత్తగా మూసుకుపోయిందంటే చెక్క పట్టు పోయినట్టే.

1950ల చివర్లో దీనికి మందు దొరికింది. చెక్కలో రిసీవర్ ఆనే చోట కాస్త తొలిచి, ఫైబర్‌గ్లాస్ కలిపిన రెసిన్ పోసి, రిసీవర్‌ను అందులోనే కూర్చోబెట్టి గట్టిపడనిచ్చేవారు. అది రిసీవర్ ఆకారానికి అచ్చుగా గడ్డకట్టేది. తేమకు ఉబ్బదు, ఒత్తిడికి అణగదు. అందుకే ఈ పద్ధతిలో కట్టిన తుపాకీని ఊరికే విప్పకూడదన్న నియమం పుట్టింది. విప్పి పెట్టిన ప్రతిసారీ ఆ అచ్చు కొంచెం అరుగుతుంది.

రెండోది వేడి. 24 అంగుళాల ఉక్కు బ్యారెల్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. పొడుగవడానికి చోటుంటే ఇబ్బంది లేదు. పైనున్న చెక్క తొడుగు హ్యాండ్‌గార్డుకో సిలిండర్ పట్టీకో తట్టుకుంటే బ్యారెల్ కనిపించనంతగా వంగుతుంది, గుళ్లు పై నుంచి కిందికి బారులు తీరుతాయి. టార్గెట్ మీద నిలువు బారు కనిపిస్తే అనుభవజ్ఞులు మొదట చూసేది ఈ రాపిడినే. నేషనల్ మ్యాచ్ రైఫిళ్లలో ముందరి హ్యాండ్‌గార్డు బ్యారెల్‌ను తాకకుండా చూశారు, సిలిండర్ వదులు లేకుండా బిగించారు, పిస్టను రాడ్డు చెక్కకు రాసుకోకుండా చోటిచ్చారు.

మూడోది శుభ్రత తెచ్చిన చేటు. ఎం1 బ్యారెల్‌ను వెనక నుంచి శుభ్రం చేయడం కుదరదు, గుడ్డ చుట్టిన కడ్డీని మూతిలోంచే దూర్చాలి. శ్రద్ధగా తుడిచే సైనికుడి కడ్డీ ఏళ్ల తరబడి మూతి అంచును ఒకపక్కకు అరగదీస్తుంది. గుండు బ్యారెల్‌ను వదిలే ఆఖరి క్షణంలో వెనక వాయువు అన్ని వైపులా సమంగా బయటపడాలి. అంచు ఒకవైపు అరిగితే వాయువు ముందు అటువైపు తన్నుకొస్తుంది, గుండు పక్కకు తూలుతుంది. తూటాను మూతిలో ముక్కుతో పెట్టి ఎంత లోతుకు దిగిందో చూస్తే అరుగుదల ఇట్టే తెలిసిపోతుంది.

నాలుగోది మొదటి గుండు. చేత్తో బోల్టు వదిలి ఎక్కించిన తూటా ఒకచోట పడితే, తర్వాత తుపాకీ తానే ఎక్కించుకున్నవి ఇంకోచోట పడటం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో తరచూ కనబడుతుంది. చెయ్యి వదిలే వేగం వేరు, స్ప్రింగు తన్నే వేగం వేరు, అందుకే భాగాలు కూర్చునే తీరూ వేరు. ఐదు గుళ్లలో చెదిరింది మొదటిదేనా అని అడగకుండా బ్యారెల్ మార్పించినవాడు డబ్బు వృథా చేసుకున్నట్టే.

తూటా సంగతీ చిన్నది కాదు. యుద్ధకాలపు ఎం2 తూటా గుండు సుమారు 150 గ్రెయిన్లు, అంటే 9.7 గ్రాములు. రాశులు పోసి తయారు చేసిన సరుకు అది. పోటీల కోసం ఎం72 అనే ప్రత్యేక తూటా వచ్చింది, దాని గుండు సుమారు 173 గ్రెయిన్లు. ఒకే రైఫిలు, ఒకే చెయ్యి, తూటా మారితే గ్రూపు మారిపోయేది. అందుకే ఏ పరీక్షకైనా ముందు తూటా స్థిరంగా ఉండాలన్నది మొదటి సూత్రమైంది.

బిగించడం నుంచి వదిలేయడం దాకా

1957లో ఎం1 స్థానంలో ఎం14 వచ్చింది. గరాండ్ ఎముకల మీదే కట్టిన తుపాకీ కాబట్టి జబ్బులూ అవే వారసత్వంగా వచ్చాయి, మందులూ అవే పనికొచ్చాయి. రెసిన్ పోసిన చెక్క, బిగించిన సిలిండర్, ఏరిన బ్యారెల్ ఉన్న ఎం14 నేషనల్ మ్యాచ్ రైఫిళ్లకు 1969లో దూరదర్శిని అమర్చి వియత్నాం యుద్ధంలో స్నైపర్ రైఫిళ్లుగా వాడారు. పోటీల మైదానంలో నేర్చుకున్నది అలా యుద్ధానికి తిరిగొచ్చింది.

మన పోలీసులకు, సైనికులకు దశాబ్దాలపాటు చేతికొచ్చిన ఎస్‌ఎల్‌ఆర్‌లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. బెల్జియం ఎఫ్‌ఏఎల్ నమూనాకు చెందిన ఆ రైఫిలు మధ్యలో తలుపులా తెరుచుకుంటుంది. బ్యారెల్, ముందు సైటు పై సగానికి చెందినవి, వెనక సైటు కింది సగం మీద ఉంటుంది. రెండు సగాలూ కలిసే బిగింపు అరిగితే, రెండు సైట్లూ ఒకదానికొకటి కొత్త కోణంలో కూర్చుంటాయి. బ్యారెల్ ఎంత మంచిదైనా ఆ తుపాకీ జీరో నిలవదు.

1990లలో క్యాంప్ పెరీ పోటీల్లో ఏఆర్15 కుటుంబానికి చెందిన తేలికపాటి రైఫిళ్లు ఎం14లను వెనక్కి నెట్టాయి. వాటి కిటుకు ఒక్కమాటలో తేలిపోతుంది: హ్యాండ్‌గార్డును బ్యారెల్‌కు కాకుండా రిసీవర్‌కు మాత్రమే తగిలించి, బ్యారెల్ చుట్టూ ఖాళీ వదిలేశారు. చేతి ఒత్తిడి, భుజం పట్టీ లాగుడు, చెక్క ఉబ్బు ఏవీ ఇక బ్యారెల్ దాకా పోవు. గరాండ్ వారసులు ముప్పై ఏళ్లు ప్రతి అతుకునూ గట్టిగా బిగించి సాధించినదాన్ని, వీళ్లు అతుకులే తగ్గించి సాధించారు.

గురి చెదిరే రైఫిలు ముందు కూర్చున్న ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసేవాడు, ఈనాటికీ దాదాపు అదే వరసలో వెతుకుతాడు. ముందు తూటా మార్చి చూస్తాడు. తర్వాత సైటు మరలు, మూతి అంచు. ఆ తర్వాత చెక్క పట్టు, సిలిండర్ వదులు, హ్యాండ్‌గార్డు రాపిడి. బ్యారెల్ వంతు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. చాలామంది మొదట అనుమానించేది దాన్నే, మార్చడానికి ఎక్కువ ఖర్చయ్యేదీ అదే. చాలాసార్లు దాని దాకా పోవాల్సిన అవసరమే రాదు.