పారిస్ చదువుకు వెళ్ళిన మద్రసా విద్యార్థులు

ముస్లిం దేశాల నుంచి ఫ్రాన్సుకు చదువు నిమిత్తం విద్యార్థులు వెళ్ళడం సుమారు రెండు శతాబ్దాల నాటి నుంచి సాగుతున్న విషయం. దీనిపై మన సమాజంలో రెండు అభిప్రాయాలున్నాయి. పరాయి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన వాడు తన ధర్మాన్ని గడప అవతలే వదిలి వస్తాడని ఒక వర్గం భయపడుతుంది. అక్కడి పట్టా లేనివాడి విద్వత్తు విద్వత్తే కాదని మరొక వర్గం భావిస్తుంది. ఈ రెండింటిలోనూ పరిశీలన కంటే అలవాటే ఎక్కువ. మద్రసాలో పెరిగి పారిస్‌లో చదివిన నలుగురి జీవితాలను వరుసగా చూసినట్లయితే, అసలు ప్రశ్న వేరే ఉన్నదని పాఠకులకు బోధపడగలదు. పరాయి భాషలో ఆర్జించిన జ్ఞానం ఎవరికి చెందుతుంది? అది స్వజనుల వద్దకు ఎలా చేరుతుంది?

ఇమాముగా వెళ్ళిన విద్యార్థి

1826లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా నలభై మందికి పైగా యువకులను పారిస్ నగరానికి పంపాడు. వైద్యం, యుద్ధవిద్య, యంత్రశాస్త్రం, పరిపాలన వారు నేర్చుకోవలసిన విషయాలు. వారికి నమాజు చేయించడానికి ఒక ఇమాము అవసరమైనాడు. అల్ అజ్‌హర్ విద్వాంసుడు షేఖ్ హసన్ అల్ అత్తార్ తన శిష్యుడైన రిఫాఆ అల్ తహ్తావీ పేరు సూచించాడు. చూచినదంతా రాసిపెట్టమని ఆయనకు సలహా కూడా ఇచ్చాడు. అప్పటికి తహ్తావీ వయస్సు ఇరవై నాలుగు.

ఆయన విద్యార్థుల జాబితాలో చేరి బయలుదేరినవాడు కాదు. అయినా ఫ్రెంచి భాషను పట్టుదలతో నేర్చుకొని అనువాదమే తన విద్యగా ఎంచుకున్నాడు. మోంటెస్క్యూ, వోల్టేర్, రూసోల గ్రంథాలు చదివాడు. సిల్వెస్త్ర్ ద సాసీ వంటి అరబీ పండితులతో పరిచయం పెంచుకున్నాడు. 1830 జూలైలో రాజుపై జరిగిన తిరుగుబాటును కళ్ళారా చూచాడు. 1831లో స్వదేశం చేరి, తన అనుభవాలను, ఫ్రెంచి రాజ్యాంగ పత్రం అరబీ అనువాదంతో సహా, 1834లో గ్రంథంగా వెలువరించాడు. మరుసటి ఏడు ఆయన ప్రోత్సాహంతో కైరోలో భాషల పాఠశాల ఏర్పడింది. అక్కడి విద్యార్థులు వందలాది గ్రంథాలను అరబీలోకి తెచ్చారు. పాలకుడు మారిన తరువాత 1850లో ఆయనను సూడాన్‌కు పంపివేశారు. అక్కడ కూడా ఆయన కలం విడువక, ఫెనెలోన్ రాసిన ఫ్రెంచి గ్రంథం ఒకటి అనువదించాడు.

ఇక్కడ గమనించదగినది ఒకటున్నది. ఆనాటి బృందంలో వెళ్ళినవారిలో పెద్ద పదవులు పొందినవారు లేకపోలేదు. కాని వారందరికంటే చరిత్ర ఎక్కువగా గుర్తుంచుకున్నది నమాజు చేయించడానికి వెళ్ళినవాడిని. కారణం స్పష్టమే. ఆయన తాను నేర్చినదాన్ని తన వారి భాషలోకి దింపాడు.

పట్టా వెనుక నిబంధనలు

తరువాతి ముగ్గురి సంగతి తెలుసుకోవడానికి ముందు ఫ్రెంచి పట్టాల పద్ధతి కొంచెం తెలియాలి. సోర్బోన్‌లో ఆ రోజుల్లో సాహిత్య విభాగపు డాక్టరేటు రెండు విధాలుగా ఉండేది. మొదటిది ప్రభుత్వ డాక్టరేటు. దానికి ముందు లైసెన్సు అనే పట్టా గడించాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు సిద్ధాంత గ్రంథాలు సమర్పించాలి. ఆ దేశంలో ఆచార్య పదవికి అది మార్గం. రెండవది 1897లో ఏర్పరచిన విశ్వవిద్యాలయ డాక్టరేటు. ఇది ముఖ్యంగా విదేశీయులను దృష్టిలో ఉంచుకొని కల్పించినది. దీనివల్ల గౌరవం లభిస్తుంది గాని ఫ్రాన్సులో ఉద్యోగపు హక్కు లభించదు. రెండింటిలోనూ సిద్ధాంత గ్రంథాన్ని పండితుల ముందు బహిరంగంగా సమర్థించుకోవాలి. గురువుల ఎదుట మునాజరా జరిపి ఇజాజత్ పొందే సంప్రదాయంలో పెరిగిన మద్రసా విద్యార్థికి ఈ తతంగం పూర్తిగా కొత్తది కాదు. కొత్తది భాష. ఆధారాన్ని అడిగే పద్ధతి కూడా కొంతవరకు కొత్తది.

తాహా హుసైన్: సాధన, వివాదం

1889లో జన్మించిన తాహా హుసైన్ బాల్యంలోనే చూపు కోల్పోయాడు. అల్ అజ్‌హర్‌లో చదివి, అక్కడ ఇమడలేక 1908లో స్థాపితమైన ఈజిప్టు విశ్వవిద్యాలయంలో చేరాడు. 1914లో కవి అబుల్ అలా అల్ మఅర్రీపై గ్రంథం సమర్పించి డాక్టరేటు పొందాడు. అదే ఏడాది విశ్వవిద్యాలయం ఆయనను ఫ్రాన్సుకు పంపింది. మహాయుద్ధం పారిస్ పొలిమేరల దాకా రావడం వల్ల మొదట మోంపెలియే నగరంలో చదువవలసి వచ్చింది. 1915లో విశ్వవిద్యాలయానికి నిధులు కరువై, విద్యార్థులను వెనక్కు పిలిచారు. సుమారు మూడు నెలలు స్వదేశంలో ఎదురుచూచిన తరువాతనే ఆయన మళ్ళీ ప్రయాణమై సోర్బోన్ చేరాడు.

విదేశీ విద్యార్థి కష్టాలన్నీ ఆయన అనుభవించాడు. పైగా తానుగా ఒక కష్టాన్ని కోరి తెచ్చుకున్నాడు. లైసెన్సు లేకుండానే డాక్టరేటుకు పోగల అవకాశం ఉన్నా, ఫ్రెంచి విద్యార్థులతో సమానంగా లైసెన్సు పరీక్షకు కూర్చోవాలని నిశ్చయించాడు. అందుకు లాటిన్ భాష నేర్వవలసి వచ్చింది. చూపులేని ఆయనకు పుస్తకాలు చదివి వినిపించిన సుజాన్ 1917లో ఆయన భార్య అయింది. అదే సంవత్సరం లైసెన్సు, 1918లో ఇబ్న్ ఖల్దూన్ సామాజిక తత్త్వంపై డాక్టరేటు ఆయనకు లభించాయి. పర్యవేక్షకులలో ఒకడైన ఎమిల్ దుర్ఖైమ్, గ్రంథం సమర్థనకు రాకముందే, 1917 నవంబరులో కన్నుమూశాడు.

ఈ చదువు ఫలితం వివాదాస్పదమైన సంగతి దాచవలసిన పని లేదు. 1926లో ఇస్లాంకు పూర్వపు అరబీ కవిత్వంపై తాహా హుసైన్ రాసిన పుస్తకం పెద్ద దుమారం రేపింది. దేకార్త్ చెప్పిన సంశయ పద్ధతిని అనుసరిస్తున్నానని ఆయన ప్రకటించుకున్నాడు. ఆ కవిత్వంలో అధిక భాగం తరువాతి కాలపు కల్పన అన్నాడు. ఖుర్ఆన్‌లోని ప్రవక్తల వృత్తాంతాన్ని ప్రస్తావించిన తీరు విశ్వాసుల మనసులను గాయపరచింది. ప్రభుత్వ న్యాయవాది విచారణ జరిపి 1927లో కేసు మూసివేశాడు. పుస్తకం ఉపసంహరింపబడి, అభ్యంతరకరమైన భాగాలు తొలగి, మరో పేరుతో వచ్చింది.

దీన్ని చూపి పారిస్ చదువు విషమని తీర్మానించడం తొందరపాటు. ఆధారం అడగడం సోర్బోన్ కనిపెట్టినది కాదు. ఎవరు ఎవరి నుంచి విన్నారు, వారు కలుసుకున్నారా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది అని హదీసు విద్వాంసులు వెయ్యేళ్ళకు పూర్వమే ప్రశ్నించారు. లోపం సంశయించడంలో లేదు. కొద్దిపాటి ఆధారంపై పెద్ద తీర్మానం నిలబెట్టడంలో ఉంది. ఆ పుస్తకానికి జవాబు రాసిన పండితులలో సమర్థులు పట్టుకున్న అంశం ఇదే.

దరాజ్: పన్నెండేళ్ళ ఓర్పు

1894లో జన్మించిన ముహమ్మద్ అబ్దుల్లా దరాజ్ అల్ అజ్‌హర్‌లో అధ్యాపకుడు. 1936లో ఆ సంస్థే ఆయనను ఫ్రాన్సుకు పంపింది. నలభై దాటిన వయస్సులో ఆయన కుర్రవాళ్ళ పక్కన కూర్చొని లైసెన్సు నుంచే ఆరంభించాడు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది, పారిస్ జర్మన్ల వశమైంది. ఆయన అక్కడే ఉండి పని కొనసాగించాడు. 1947 డిసెంబరులో రెండు సిద్ధాంత గ్రంథాలతో ప్రభుత్వ డాక్టరేటు సాధించాడు. పెద్దది ఖుర్ఆన్ నీతిశాస్త్రంపై, చిన్నది ఖుర్ఆన్ పరిచయంపై. బాధ్యత, సంకల్పం, ప్రయత్నం, ప్రతిఫలం వంటి భావాలను కాంట్ తదితర తత్త్వవేత్తల ఆలోచనతో ఎదురెదురుగా నిలిపి చర్చించడం ఆ పెద్ద గ్రంథపు ప్రత్యేకత. పరీక్షకులలో లూయి మాసిన్యోఁ ఉన్నాడు. 1958లో లాహోరులో ఒక అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళిన దరాజ్ అక్కడే మరణించాడు.

హైదరాబాదు నుంచి సోర్బోన్‌కు

నాలుగవ వ్యక్తి మనవాడు. 1908లో హైదరాబాదులో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా జామియా నిజామియాలో ధర్మవిద్య, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించాడు. ఉస్మానియాలో ఆనాడు బోధన ఉర్దూలో సాగేది. పాఠ్యగ్రంథాలు తయారు చేయడానికి 1917లోనే దారుల్ తర్జుమా ఏర్పడింది. అంటే, ఆధునిక అంతర్జాతీయ న్యాయశాస్త్రాన్ని ఆయన ఇంగ్లీషు ద్వారా కాక ఉర్దూ ద్వారా గ్రహించాడు. అనువాదకులు వేసిన బాట మీదుగానే ఆయన ఐరోపా చేరాడని చెప్పవచ్చు.

మొదట జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే విషయంపై డాక్టరేటు పొందాడు. పిదప 1935లో సోర్బోన్ నుంచి మరొకటి పొందాడు. దానికి విషయం దైవప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ల కాలపు దౌత్యపత్రాలు. ఒప్పందాలు, లేఖలు, అభయపత్రాలు ఎక్కడెక్కడి గ్రంథాలలోనో చెదరి ఉన్నవాటిని సేకరించి, పాఠాలు పోల్చి, క్రమంలో పేర్చాడు. విషయం తన సంప్రదాయానిది, సామగ్రి తన సంప్రదాయానిది. చెదరిన పత్రాలను చట్టపు దృష్టితో వర్గీకరించి ఐరోపా పండితుల ముందుంచడం ఆ చదువుతో సమకూరిన పనితనం.

తిరిగివచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించాడు. 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధి వర్గంలో సభ్యుడు. సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిన తరువాత ఆయన పారిస్‌లోనే ఉండిపోయాడు. దశాబ్దాల పాటు ఏ దేశపు పౌరసత్వమూ లేక కాందిశీకుడిగా జీవించాడు. 1954 నుంచి 1978 దాకా ఫ్రెంచి జాతీయ పరిశోధన సంస్థలో పనిచేశాడు. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సంకలించిన హదీసు పత్రాన్ని, బెర్లిన్, దమస్కసులలోని రాతప్రతుల ఆధారంగా 1953లో ప్రకటించాడు. హదీసులు చాలాకాలం నోటిమాటగానే ఉండిపోయినాయనే వాదానికి అది గట్టి సమాధానం. ఏ పద్ధతి కొందరి చేతిలో విశ్వాసాన్ని కదిలించిందో, అదే పద్ధతి ఆయన చేతిలో విశ్వాసానికి సాక్ష్యం తెచ్చింది. 1959లో ఆయన దివ్య ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం వెలువడింది. 1963లో ఫ్రాన్సులోని ముస్లిం విద్యార్థుల సంఘం స్థాపనలో ఆయన పాత్ర ఉన్నది. ఒకప్పటి విదేశీ విద్యార్థి, తరువాతి తరాల విదేశీ విద్యార్థులకు పెద్ద దిక్కైనాడు. 2002లో అమెరికాలో మరణించాడు.

గ్రంథాల తిరుగు ప్రయాణం

మనుషులు తిరిగివచ్చినా రాకున్నా, వారి గ్రంథాల తిరుగు ప్రయాణం ముఖ్యమైనది. ఇబ్న్ ఖల్దూన్‌పై తాహా హుసైన్ ఫ్రెంచిలో రాసినది 1925లో ముహమ్మద్ అబ్దుల్లా ఇనాన్ చేతుల మీదుగా అరబీలోకి వచ్చింది. హమీదుల్లా మరొకరి కోసం ఆగలేదు. తాను సేకరించిన పత్రాల అరబీ మూలాలను 1941లో కైరోలో ప్రచురించాడు. దరాజ్ పెద్ద గ్రంథం మాత్రం 1973 దాకా ఆగింది. అప్పుడు అబ్దుస్సబూర్ షాహీన్ దానిని అరబీలోకి అనువదించాడు. ఒక అజ్‌హర్ విద్వాంసుడు ఖుర్ఆన్‌పై రాసిన గ్రంథం అజ్‌హర్ విద్యార్థి చేతికి రావడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. అప్పటికి గ్రంథకర్త గతించి పదిహేనేళ్ళు. ఇంగ్లీషులోకి 2008లో వచ్చింది. అనువాద వృత్తిలో ఉన్నవారికి ఈ అంకెలు చిన్నవిగా కనిపించవు. ఆ ఇరవై ఆరేళ్ళలో ఎన్ని తరగతులు ఆ పుస్తకం లేకుండానే చదువు ముగించాయో ఊహించుకోవచ్చు.

నేటి విద్యార్థికి

నేటి పరిస్థితులు కొన్ని మారాయి. 1968 ఉద్యమం తరువాత పాత పారిస్ విశ్వవిద్యాలయం పదమూడుగా విడిపోయింది. 2018లో భారత, ఫ్రాన్సు ప్రభుత్వాలు పరస్పరం పట్టాలను గుర్తించే ఒప్పందం చేసుకున్నాయి. 2019లో ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల రుసుము పెంచి, లైసెన్సుకు ఏడాదికి 2,770 యూరోలు, మాస్టరుకు 3,770 యూరోలుగా నిర్ణయించారు. డాక్టరేటు విద్యార్థులకు ఆ పెంపు వర్తించలేదు. మన తల్లిదండ్రులు తరచుగా అడిగే మరో సంగతి: మతచిహ్నాలపై 2004లో చేసిన చట్టం ప్రభుత్వ పాఠశాలలకు సంబంధించినది. విశ్వవిద్యాలయ విద్యార్థినుల హిజాబుకు అది వర్తించదు.

మారనిది ఒకటే. వెళ్ళేవాడు ఏమి తీసుకువెళుతున్నాడు, నేర్చినదాన్ని ఏ భాషలో తిరిగి ఇస్తున్నాడు అన్నది. ఈ నలుగురూ అరబీ భాషలో, ధర్మవిద్యలో గట్టి పునాది వేసుకున్న తరువాతనే ఓడ ఎక్కారు. కాబట్టే పరీక్షకుల ముందు అడిగేవారుగా మాత్రమే కాక, ఇచ్చేవారుగా కూడా నిలబడ్డారు. మన మద్రసాలు, విద్యాసంస్థలు ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి. విదేశాలకు వెళ్ళే విద్యార్థికి ప్రయాణపు ఖర్చు సమకూర్చి ఊరుకోవడం సగం పని. ఆ విద్యార్థి రాసిన సిద్ధాంత గ్రంథం సారాన్నయినా తెలుగులో అచ్చు వేయించే ఏర్పాటు మొదటినుంచే ఉండాలి. తెలుగులో చదువుకునే ముస్లిం బాలబాలికలు ఆ జ్ఞానం కోసం ఇరవై ఆరేళ్ళు ఎదురుచూడవలసిన అవసరం లేదు.