వెలుతురును తూచిన ముల్లు

ఢిల్లీకి ఈశాన్యమున, మీరట్ జిల్లాలో సర్ధనా అను చిన్న పట్టణము కలదు. నేడది దేశ రాజధాని ప్రాంతమున చేరియున్నది. 1844లో అచట జన్మించిన దీన్ దయాళ్ రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరు ప్రజాపనుల శాఖలో అంచనాలు వేయుచు, నక్షాలు గీయుచు జీవితమారంభించెను. కొలతలకు అలవాటుపడిన ఆ చేయి 1874 ప్రాంతమున కెమేరాను చేపట్టెను. పిదప ఆయన ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదమందెను. ఇప్పటి తెలుగువారు కొలువులకై ఈ ప్రాంతమునకు వచ్చుచుండగా, ఆనాడు ఈ ప్రాంతపు వాడొకడు కొలువుకై తెలుగునాటికి పోయెను. 1905లో ఆయన మరణించెను. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకల నెగటివులను సేకరించుటతో, సికిందరాబాదు వెలుతురు ఢిల్లీకి చేరినట్లయినది.

ఆ పలకలపై పడవలసిన వెలుతురెంతయో చెప్పుటకు దీన్ దయాళుని కాలమున విద్యుత్ ముల్లు ఏదియు లేదు. కన్ను, అనుభవము, కాలపట్టికలు, ఇవియే ఆధారములు. ఇంగ్లండున హర్టర్, డ్రిఫీల్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1888లో ‘ఆక్టినోగ్రాఫు’ అను జారుడు కొలబద్దకు పేటెంటు పొందిరి. నెలను, గంటను, ఆకాశస్థితిని, పలక వేగమును సరిచూచి దానిని జరిపినచో కాలము తెలియును. అక్షాంశము మారినచో దాని పట్టికయు మారవలెను. ఇది చిన్న విషయము కాదు. డిసెంబరు మూడవ వారమున మిట్టమధ్యాహ్నము సూర్యుడు హైదరాబాదులో దాదాపు 49 డిగ్రీల ఎత్తున నుండగా, ఢిల్లీలో 38 డిగ్రీల ఎత్తుననే యుండును. దానికి పొగమంచు తోడైనచో చెప్పనక్కర లేదు. గోదావరి గట్టున అలవడిన అంచనాను పౌష మాసమున యమునా తీరమున వాడినవాని బొమ్మలు మసకబారుటలో వింత లేదు.

వెలుతురును విద్యుత్తుతో కొలువవచ్చునని తెలిసిన తీరు విచిత్రమైనది. సముద్రగర్భపు తంతితీగలను పరీక్షించుటకు అధిక నిరోధము గల పదార్థము కావలసివచ్చి, విలోబీ స్మిత్ అను ఇంజనీరు సెలీనియము కడ్డీలను వాడెను. కాని అవి నిలకడగా లెక్క చూపవాయెను. ఒకప్పుడొక అంకె, మరొకప్పుడు వేరొక అంకె! కడ్డీలనుంచిన పెట్టె మూత తీసినచో నిరోధము తగ్గుచుండెను, మూసినచో పెరుగుచుండెను. 1873లో స్మిత్ ఈ సంగతిని ప్రకటించెను. అనగా కాంతిమాపకపు పుట్టుకయే చెడినదనుకొన్న పరికరమును శోధించుటలో జరిగినది. 1876లో ఆడమ్స్, డే అను పరిశోధకులు ఇంకొక మెట్టెక్కి, బ్యాటరీ యేమియు లేకయే కాంతి సెలీనియమున విద్యుత్ప్రవాహమును పుట్టించునని కనుగొనిరి.

ఆ సూత్రము ఛాయాచిత్రకారుని జేబులోనికి వచ్చుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టెను. అమెరికాలోని వెస్టన్ సంస్థ 1932లో తన 617వ నమూనా మాపకమును అంగడికెక్కించెను. 1935లో జర్మనీ దేశపు జైస్ ఐకాన్ వారి కాంటాఫ్లెక్స్ కెమేరాలో మాపకము అంతర్భాగమయ్యెను. పాత కెమేరాల నొసటిపై తేనెపట్టు వంటి గాజుబిళ్ల కనబడును గదా! దాని వెనుకనున్నది సెలీనియపు పలక. అందు పుట్టు ప్రవాహము మైక్రోఆంపియర్లలో మాత్రమే యుండును. ఆ కాస్త బలముతో వెండ్రుక వంటి స్ప్రింగునకు కట్టిన తీగచుట్ట తిరిగి ముల్లును జరుపును.

1960 తరువాత కాడ్మియం సల్ఫైడు వచ్చెను. ఇది తానై విద్యుత్తును పుట్టింపదు. వెలుతురు పడినపుడు దాని నిరోధము తగ్గును, అంతే. కనుక దానికి బ్యాటరీ కావలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శామ్యూల్ రూబెన్ రూపొందించిన పాదరసపు బిళ్ల బ్యాటరీ ఇందులకు సరిగా కుదిరెను. అది కడవరకు 1.35 వోల్టుల వద్ద నిలకడగా నిలుచును. 1960-80 నడుమ కెమేరాలలో అనేకములు ఆ నిలకడను నమ్మియే నిర్మింపబడినవి.

మన దేశమున ఆ దినములలో ముల్లు తప్పు చూపుట ఎంత నష్టమో నేటి యువకులకు ఊహకందదు. విదేశీ మారకపు కొరతచే ఫిల్ము దిగుమతులు కట్టుబడియుండెను. ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ 1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి ప్రారంభించు వరకు దేశీయమైన ఫిల్మే లేదు. చదరపు బొమ్మలు తీయు కెమేరాలో 120 చుట్టకు పండ్రెండే బొమ్మలు. ఊరినుండి వచ్చిన వృద్ధులైన తలిదండ్రులను ఎర్రకోట ముందు నిలిపి తీసిన బొమ్మ చీకటియైనచో, వారు మరల ఢిల్లీ వత్తురో రారో! పెండ్లిచుట్ట పాడైనచో మరల పెండ్లి చేయుటకు లేదు. అందుచేతనే ఎందరో ముల్లుకన్న ఫిల్ము పెట్టెలోని అచ్చుకాగితమును ఎక్కువగా నమ్మిరి. నిండు ఎండలో ద్వారమును 16 వద్ద నుంచి, ఫిల్ము వేగమెంతయో సెకనులో అన్నవ వంతు షట్టరు తెరచుట అను సూత్రము నేటికిని చెడలేదు. 100 వేగపు ఫిల్మునకు సెకనులో 125వ వంతు చాలినంత దగ్గర.

ఆ సూత్రమే నేడు చెడిన మాపకమును పట్టుటకు మొదటి సాధనము. వర్షము వెలిసిన మరునాటి నిర్మలమైన ఎండలో, సూర్యుని వీపువైపున నుంచుకొని, మాపకమును ఎండపడిన బూడిదవన్నె గోడపై గురిపెట్టి చూడవలెను. ఢిల్లీ ఎండ ధూళితోనో పొగతోనో కూడినపుడు ఈ పరీక్ష పనికిరాదు. అట్టి ఎండ ఒక మెట్టు తక్కువే. మెట్టు అనగా కాంతి రెట్టింపగుట లేక సగమగుట.

అంతకు ముందే ఇంకొకటి చూడవలెను. కంటిని చేతితో పూర్తిగా మూసినపుడు ముల్లు తన మొదటి గీత వద్దకు వచ్చినదా? రానిచో లోపము కాంతికణమున లేదు, యంత్రమునందే. దుమ్మో, తుప్పో, ఒరుసుకొను అద్దమో దానిని పట్టియుండును. కొన్ని మాపకములకు వెనుక చిన్న మర యుండును; దానిని మెల్లగా త్రిప్పి ముల్లును స్థానమునకు తేవచ్చును. ముల్లు మొదటి గీతకు వచ్చి, ఎండలో మాత్రము సగము దూరమే పోవుచున్నచో సెలీనియము ముసలిదైనది. తేమ చొచ్చి పైపూత చెడుటయే సాధారణముగా దీనికి హేతువు. సెలీనియపు కెమేరాకు కొత్త బ్యాటరీ వెదకుచు అంగళ్లు తిరుగువారు నేటికిని కలరు. దానికి బ్యాటరీయే లేదు!

బ్యాటరీ గల కెమేరాలో ముల్లు చచ్చియున్నచో మొదట బ్యాటరీ గదిని తెరువవలెను. ఏండ్ల తరబడి మరచిన బిళ్ల కారి పచ్చనిదో తెల్లనిదో పొక్కు కట్టియుండును. క్షారపు బ్యాటరీ కారినదైనచో నిమ్మరసమును దూదిపుల్లకు కొద్దిగా అద్ది తుడిచి, పిదప స్పిరిటుతో తడి తీసివేయవలెను. అప్పటికిని కదలనిచో గది అడుగున అతికిన తీగ తిని పోయియుండును. ఇచ్చట ఒక హెచ్చరిక: మల్టీమీటరు నిరోధపు మీటపై నుంచి గాల్వనోమీటరు కొనలకు నేరుగా తగిలింపరాదు. ఆ పరీక్షలో పారు ప్రవాహమే సన్నని చుట్టను కాల్చివేయగలదు. వైద్యమే రోగమగును.

ముల్లు చక్కగా కదలుచు అబద్ధమాడుటయే అన్నిటికన్న చిక్కైన రోగము. పాదరసము మనుష్యులకు చేసిన కీడు మినమాటా విషాదముచే లోకమునకు తెలిసిన పిదప, ఆ ఊరి పేరనే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక వెలసెను. భారతదేశము దానిని 2018లో ధ్రువీకరించెను. పాత బిళ్ల అంగడినుండి తొలగెను. దాని గదిలో అదే కొలతగల 1.5 వోల్టుల క్షారపు బిళ్ల దూరుచున్నది గనుక జనులు దానినే వేయుచున్నారు. వోల్టు పెరుగుటచే ప్రవాహము పెరుగును, ప్రవాహము పెరుగుటచే మాపకము ఉన్నదానికన్న ఎక్కువ వెలుతురున్నదని పలుకును, దానిని నమ్మినవాడు కాంతిని తక్కువ యిచ్చును, నెగటివు పలుచనగును. పైగా ఆ బ్యాటరీ వాడుకలో దిగజారుచుండుటచే నేటి తప్పు వచ్చు నెలకు వేరొక తప్పగును. వినికిడి యంత్రములలో వాడు జింకు-గాలి బిళ్ల 1.4 వోల్టుల సమీపమున నిలుచును గనుక, చుట్టును రబ్బరు ఉంగరము తొడిగి దానిని వాడుట మేలు. అది కొన్ని నెలలలో ఎండిపోవును. కాని ఉన్నన్నాళ్లు నిజము చెప్పును. 1964లో వెలువడిన పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వంటి కొన్ని కెమేరాలలో వంతెన వలయము కలదు. వోల్టు మారినను వాటి తూనిక అంతగా మారదు.

తప్పు ఎంత యున్నదో పట్టుటకు ఒక్క పరీక్ష చాలదు. ఎండలో, నీడలో, గదిలోని దీపము క్రింద, మూడు చోట్ల నమ్మకమైన మరొక మాపకముతో సరిచూడవలెను. మూడు చోట్లను ఒకే మెట్టు ఎక్కువ చూపుచున్నచో చింత లేదు. 100 వేగపు ఫిల్ము వేసి, చక్రమును 50 వద్ద నుంచినచో లెక్క సరిపోవును. ఎండలో ఒక మెట్టు, నీడలో రెండు, దీపము క్రింద మూడు మెట్లు తప్పినచో ఏ సవరణయు నిలువదు.

కాని, కొన్ని నేరములు మాపకమునకు అన్యాయముగా అంటగట్టబడుచున్నవి. అది తన యెదుటనున్న వస్తువు నడిమి బూడిదవన్నెయనియే తలచును. 1986లో తెరువబడిన పద్మాలయము వంటి తెల్లని పాలరాతి కట్టడమును చూచి అది కాంతి తగ్గించుమనును. పాలరాయి సున్నపు బూడిదవలె వచ్చును. చీకటి దర్వాజాలో నిలిచిన మనిషిని చూపినచో అందుకు విరుద్ధము జరుగును. ఇట్టి బొమ్మలు చూచి మంచి మాపకములను విప్పించి పాడుచేసికొన్నవారు తక్కువ కాదు. అరచేతిని అదే వెలుతురున నుంచి దానిని కొలిచి, ఒక మెట్టు అధికముగా కాంతినిచ్చినచో ఈ చిక్కు తీరును.

ఏ మాపకము నిజము, ఏది అబద్ధమని తేల్చు తుది ధర్మాసనము కూడ ఢిల్లీలోనే యుండుట ముచ్చటైన సంగతి. 1947 జనవరి 4న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించిన జాతీయ భౌతిక ప్రయోగశాలలో దేశపు కాంతి ప్రమాణమైన కాండెలా కాపాడబడుచున్నది. దానికి తొలి డైరెక్టరు కె. ఎస్. కృష్ణన్, 1928లో రామన్‌తో కూడి కాంతి పరిక్షేపమును శోధించినవాడు. అచటి ప్రమాణమునకు, అలమారలోని పాత కెమేరా ముల్లునకు ఎంతో దూరమున్నను, పరీక్షాశాలల దీపములు ఆ రెండింటికి నడుమ వంతెన కట్టుచున్నవి.

మరమ్మతు లేనివి కొన్ని మిగులును. సెలీనియము చచ్చినను అనేక పాత కెమేరాలలో షట్టరు యంత్రము దానిపై ఆధారపడదు. ఎండ సూత్రముతో అవి ఇప్పటికిని బొమ్మలు తీయును. బ్రతికియున్న మాపకమును మాత్రము తోలుసంచిలో మూసి వానకాలమంతయు అలమారలో నుంచరాదు. తోలు తేమను పట్టియుంచును. కెమేరాను సంచినుండి తీసి, బ్యాటరీ యున్నచో దానిని తొలగించి, గాలి తగులుచోట సిలికాజెల్ పొట్లముతో నుంచుట మంచిది.