పరిపాలనా సౌలభ్యం కోసం

మా అమ్మ ప్రాథమిక పాఠశాల టీచరు. ఆమె ట్రంకుపెట్టెలో బదిలీ ఉత్తర్వులు ఏడున్నాయి. ఏడింటిలోనూ ఒకటే కారణం: ‘పరిపాలనా సౌలభ్యం కోసం’. ఎవరి సౌలభ్యమో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. తెల్లవారుజామున మొదటి బస్సుకి క్యారియర్ సర్దుకుని పరిగెత్తే అమ్మ, మాకు జడలు వేసి బడికి పంపే పెద్దమ్మ, వీళ్లిద్దరూ ఆ సౌలభ్యానికి మూల్యం చెల్లించారు. కోర్టుకి వెళ్లాలన్న ఆలోచనే అమ్మకి రాలేదు. వెళ్లుంటే ఏమయ్యేదో ఈమధ్య పాత తీర్పులు చదువుతుంటే తెలిసింది.

బదిలీ కేసుల్లో ప్రభుత్వ న్యాయవాదులు తరచూ ముందుకు తెచ్చే తీర్పు ‘శిల్పీ బోస్ వర్సెస్ స్టేట్ ఆఫ్ బీహార్’. 1990లో సుప్రీంకోర్టు ఇచ్చింది. బదిలీ అయ్యే ఉద్యోగంలో ఉన్నవారికి ఫలానా చోటే ఉంటానని పట్టుబట్టే హక్కు లేదు. తప్పనిసరిగా పాటించాల్సిన చట్ట నియమాన్ని మీరితేనో, దురుద్దేశం ఉంటేనో తప్ప కోర్టులు జోక్యం చేసుకోకూడదు. మార్గదర్శకాలు పాటించలేదంటారా, పై అధికారికి మొరపెట్టుకోండి. ఆ తర్వాత ఎంతమంది ఆడవాళ్ల పిటిషన్లకి ఈ మాటలు అడ్డుగోడలయ్యాయో!

అయితే ఆ కేసులో గెలిచింది ఆడవాళ్లేనన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. బీహార్‌లో కొందరు టీచరమ్మలు తమ భర్తలు పనిచేసే ఊళ్లకి బదిలీ అడిగారు. ప్రభుత్వం ఇచ్చింది. వాళ్ల రాకతో కదలాల్సి వచ్చినవారు పాట్నా హైకోర్టుకెక్కి ఆ బదిలీలు రద్దు చేయించారు. సుప్రీంకోర్టు హైకోర్టుని తప్పుపట్టింది. ఉద్యోగి ఇబ్బంది తీర్చడానికి అధికారి బదిలీ ఇచ్చినప్పుడు, అది అడిగి తెచ్చుకున్నదన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదంది. ఇబ్బంది తీర్చడం గురించిన ఈ మాట మరుగున పడిపోయింది. జోక్యం వద్దన్న మాట మాత్రం సూత్రమై కూర్చుంది. భర్త ఉన్న ఊరికి భార్యే కదలాలన్నది ఆనాడు ఎవరికీ వింతగా తోచినట్టు లేదు. ఇల్లాలి కష్టం చూసి అధికారి దయతో ఇచ్చినదాన్ని కోర్టు కాపాడింది. ఆ దయ చూపనప్పుడు అడగడానికి ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు.

అది 1993లో ఎస్.ఎల్. అబ్బాస్ కేసుతో మరింత స్పష్టమైంది. భార్యాభర్తలని వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలని కేంద్రం 1986లోనే ఉత్తర్వు ఇచ్చింది. బొటానికల్ సర్వే ఉద్యోగి ఒకాయన్ని షిల్లాంగ్ నుంచి పౌరీకి బదిలీ చేశారు. భార్య ఉద్యోగమూ పిల్లల చదువూ షిల్లాంగ్‌లోనే. ఆ మార్గదర్శకం హక్కు కాదని తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆ భార్య తర్వాత ఉద్యోగం మానుకుందో, పిల్లలతో ఒంటరిగా ఉండిపోయిందో తీర్పులో వెతికినా దొరకదు.

తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 కింద దంపతులు వేర్వేరు జిల్లాలకి పడి టీచర్లు రోడ్డెక్కినప్పుడు నాకు ఆమే గుర్తొచ్చింది. 2022 మార్చిలో ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ల కేసులో సుప్రీంకోర్టు స్వరం కొంత మారింది. పనిచేసే స్త్రీల మీద వ్యవస్థలోనే వివక్ష ఉందని, బదిలీల విధానం దాన్ని పట్టించుకోవాలని అంది. కానీ బదిలీలు ఆపిన సర్క్యులర్‌ని నిలబెట్టి, పునరాలోచించే పని ప్రభుత్వానికే వదిలింది.

ఇక మిగిలింది దురుద్దేశం. దాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో చూడండి. తమిళనాడు చీఫ్ సెక్రటరీగా చేసిన రాయప్ప ముఖ్యమంత్రి మీద ఆ ఆరోపణ చేసి 1974లో ఓడిపోయారు. ‘నిరంకుశత్వం సమానత్వానికి శత్రువు’ అన్న సిద్ధాంతం ఆ కేసులోనే పుట్టింది, ఆయనకి మాత్రం అక్కరకు రాలేదు. అంతటి అధికారికే అలా ఉంటే, పై అధికారి వేధిస్తున్నాడని చెప్పిన స్త్రీ సంగతేమిటి? వేధింపుకి గురైన స్త్రీ కోరుకుంటే ఆమెకో అతనికో బదిలీ ఇవ్వచ్చని 1997 విశాఖ మార్గదర్శకాలు, 2013 చట్టం చెబుతున్నాయి. మన ఆఫీసుల్లో మాత్రం ఆ బదిలీ ఆమె కోరకుండానే వచ్చి పడుతుంది.

ఇండోర్‌లో పంజాబ్ అండ్ సింద్ బ్యాంకు చీఫ్ మేనేజరుకి అదే జరిగింది. మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అక్రమాలున్నాయని ఆమె రాసింది, జోనల్ మేనేజర్ లైంగికంగా వేధించాడని ఫిర్యాదు చేసింది. 2017 డిసెంబరులో ఆమెని జబల్పూర్ జిల్లా సర్సావాకి పంపారు. అది స్కేల్-1 అధికారి ఉండాల్సిన చిన్న శాఖ, ఆమె స్కేల్-4. హైకోర్టు ఆ బదిలీని కొట్టేస్తే బ్యాంకు అప్పీలుకి వెళ్లింది. ఇది కక్షసాధింపేనని, ఇలాంటి బదిలీ స్త్రీ గౌరవానికి దెబ్బ అని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమెని ఇండోర్‌లోనే స్కేల్-4 అధికారిగా కనీసం ఏడాదిపాటు ఉంచాలని, ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది.

ఈ తీర్పు అమ్మకి చదివి వినిపించాను. చివరిదాకా విని, “ఏడాదేనా?” అంది.