పొట్టులోంచి లేచిన మరో బొమ్మ

పొనికి కర్రను చెక్కేటప్పుడు రాలే పొట్టును బొమ్మలు చేసేవాళ్లు ఊడ్చి పారబోయరు. చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో ఆ పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాని పేరు మక్కు. కాళ్లూ చేతులూ మొండేనికి అతికించేది అదే, అతుకు కనబడకుండా పూడ్చేదీ అదే. బొమ్మ ఒంట్లోంచి రాలిపోయిన కర్ర మళ్లీ బొమ్మ ఒంట్లోకే చేరుతుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మిగులుతో ఇలాంటి పని ఇంకెవరు చేశారా అని వెతకడం అప్పుడు మొదలైంది.

మొదట తగిలింది ఎక్కడో దూరాన, వార్‌గేమింగ్ ఆడేవాళ్ల బల్ల మీద. వేలెడంత సైనికులను బారులు తీర్చి, పాచికలు వేసి, కొలబద్దతో దూరాలు కొలుస్తూ ఆడే యుద్ధక్రీడ అది. బొమ్మలు విడి భాగాలుగా వస్తాయి. అయిదుగురు సైనికుల పెట్టెలో అయిదు మొండేలే ఉన్నా తలలు, కత్తులు, డాళ్లు అంతకు మించే ఉంటాయి. మిగిలినవన్నీ ఒక డబ్బాలోకి వెళ్తాయి. కొన్నాళ్లకు ఒకచోట తల, ఒకచోట చెయ్యి, విరిగిన గుర్రం వీపు కలిసి, ఏ కంపెనీ అమ్మని సైనికుడొకడు లేచి నిలబడతాడు. ఇంగ్లండులో రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిల యుద్ధానికి నియమాలు రాసి 1913లో ‘లిటిల్ వార్స్’ పేరుతో పుస్తకం వేశాడు. విడి భాగాలు కలిపే పని సినిమాల్లోనూ ఉంది. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమాలో అంతరిక్ష నౌకల ఒంటి మీద కనిపించే గొట్టాలూ పలకలూ చాలావరకు ట్యాంకులు, ఓడల బొమ్మల పెట్టెల్లోంచి తీసి అతికించినవే. చతురంగం నుంచి వెల్స్ దాకా ఉన్న శతాబ్దాలను నేను దాటేస్తాను. నా మనసు గోదావరి ఒడ్డున ఉంది.

పొనికి బొమ్మల ఊరు నిర్మల్‌కు ఆ పేరు నిమ్మ నాయుడు అనే పాలకుడి వల్ల వచ్చిందని చెబుతారు. పదిహేడో శతాబ్దంలో నకాషీలనే బొమ్మల పనివాళ్లను చేరదీసింది ఆయనే అంటారు. ఊరి చుట్టూ ఇప్పటికీ కోట బురుజులున్నాయి. ఫిరంగులు పోసిన ఊరిగానూ దీనికి పేరుంది. ఒకే ఊరు నిజమైన ఫిరంగినీ, చెక్క జింకనూ తయారుచేయడం నాకు ఎంతో నచ్చిన విషయం. అయితే మిగులు కథలో అసలు అధ్యాయం నిర్మల్‌ది కాదు. గోదావరి దాటి దక్షిణానికి వస్తే తగిలే కోనసముద్రానిది.

ఇప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉన్న ఈ పల్లె ఉక్కు ఒకప్పుడు ఇరాన్ దాకా వెళ్లింది. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ నీటిమెరుపు కత్తులకు ఇలాంటి ఉక్కే ముడిసరుకు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి కొలుముల పక్కన నిలబడి పని చూశాడు. ఆయన చనిపోయాక, 1832లో ఆ వివరాలు కలకత్తాలో అచ్చయ్యాయి. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన వర్తకుడొకరు ఆయనకు ఆ పల్లెలోనే కలిశాడట. ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కోనసముద్రం! అన్ని వేల మైళ్లు దాటి వచ్చినవాడు కమ్మరి కొలిమి ముందు కూర్చుని, తన సరుకు తన కళ్ల ముందే తయారవుతుంటే చూసుకున్నాడు.

ఆ కమ్మర్లు రెండు చోట్ల ఇనుమును మూడుకు రెండు పాళ్లలో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత వేసి మెత్తేవారు. తిత్తులతో రాత్రింబవళ్లు ఊది, ఇనుము కరిగి గట్టిపడ్డాక మూస పగలగొట్టి ఉక్కు బిళ్లను బయటికి తీసేవారు. అక్కడితో ఆగితే నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. వాయిసీ ఇంకో మాట రాసిపెట్టాడు. కొత్త మూస చేసే మట్టిలో పాత కొలుముల పెళ్లలు, పగిలిన మూసల ముక్కలు దంచి కలిపేవారు. వాటితోపాటు ఊక, నూనె. ఒకసారి నిప్పులో కాగిన మట్టి రెండోసారి అంత సులువుగా పగలదు. పచ్చి మట్టిలో దాని పొడి కలిస్తే ఎండేటప్పుడు కుంచించుకుపోవడం తగ్గుతుంది, వేడిని తట్టుకునే బలం పెరుగుతుంది. ఊక కాలిపోయి వదిలిన సన్నని రంధ్రాలు పగుళ్లను ముందుకు పాకనివ్వవు. అంటే పెంకులు లేనిదే మంచి మూస లేదు. నిన్నటి పని శిథిలం ఇవాళ్టి పనికి ముడిసరుకు.

దీన్ని పొదుపు అంటే నేను ఒప్పుకోను. పొదుపు పని అయిపోయాక వచ్చే ఆలోచన. కోనసముద్రం కమ్మరికి మిగులు పని మొదట్లోనే, పాళ్ల లెక్కలోనే ఉంది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నియాస్ సంస్థ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగినప్పుడు చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు చాలాచోట్ల కనిపించాయి. ఆ పెంకుల్లో కొన్నింటి లోపల ఇంకా పాత పెంకుల నలుసులు ఉంటాయి కదా అనుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇదే బుద్ధి ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉంది. జైనూరు, ఉషేగావ్ వైపు ఓజులనే ఇత్తడి పనివాళ్లు మైనపు తీగలతో రూపం అల్లి, మట్టి పూసి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. గోండుల దేవతలకు గంటలు, గుళ్లకు దీపాలు, నెమళ్లు, ఏనుగులు అలా వస్తాయి. ఆ ఇత్తడిలో ఎక్కువ భాగం చిల్లుపడ్డ చెంబులూ, విరిగిన పళ్లేలూ. ఒకరింట వాడుక తీరిన పాత్ర ఇంకొకరింట దేవుడి ముందుకు చేరుతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ వెండి తీగ పనిలోనూ రాలిన రజను ఎవరూ ఊదేయరు. తుంపులన్నీ మళ్లీ మూసలోకే.

పోయినదేమిటో కూడా చెప్పాలి. కోనసముద్రం కొలుములు చల్లారిపోయాయి. కారణాలు ఒకటి కాదు. చవక విదేశీ ఉక్కు వచ్చింది, బొగ్గుకు అడవి తగ్గింది, కత్తుల గిరాకీ పోయింది. ఒక పనివాడి చేతిలో పాళ్లు తరం నుంచి తరానికి వెళ్లే దారి తెగిపోయాక, పుస్తకంలో ఉన్న ‘మూడుకు రెండు’ ఎంతకని సాయపడుతుంది? నిర్మల్ మాత్రం నిలిచింది. 1955లో సహకార సంఘం కట్టుకున్నారు, 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆకు పసర్లు, రాతి రంగుల స్థానంలో ఎనామిల్ వచ్చింది. పొనికి చెట్టు దొరకడం కష్టమైంది. చెట్టే లేకపోతే పొట్టు ఎక్కడిది, మక్కు ఎక్కడిది?

యుద్ధక్రీడ ఆడేవాళ్ల ప్లాస్టిక్ సైనికుల డబ్బా నాకు నచ్చుతుంది కానీ ఒక లోటు కనిపిస్తుంది. మిగిలిన తల, మిగిలిన చెయ్యి ఎవరి కొలతకో ఎక్కడో అచ్చుపోసినవి. ఆడేవాడు వాటిని కలపగలడే కానీ కొత్తగా పుట్టించలేడు. మక్కు ముద్ద అలా కాదు, ఏ ఆకారం అడిగితే ఆ ఆకారం ఇస్తుంది. ఎండాక చెక్కుకోవచ్చు, రంగు పట్టుకుంటుంది, పొనికితో పాటే తేమకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుంటుంది.

నిర్మల్ పనివాళ్లను నేను అడగాలనుకుంటున్నది ఒకటే. జింకలు, సీతాఫలాలు చెక్కగా మిగిలిన తుంపులతో, ఆ పొట్టు మక్కుతో రెండంగుళాల రాంజీ గోండు దళం ఒకటి చేయండి. 1857 తరువాత ఈ అడవుల్లో గోండులను, రోహిల్లాలను కూడగట్టి పోరాడి, 1860లో నిర్మల్‌లోనే ఉరితీతకు గురైన మనిషి ఆయన. ఎదురు బారులో నిజాం, ఇంగ్లీషు సిపాయిలను నిలపండి, మధ్యలో గోదావరి ఒడ్డు గీయండి. మా పిల్లలు యూరప్‌లోని వాటర్లూ యుద్ధం కంటే ముందు ఆ యుద్ధం ఆడాలి.